జావాలో పాత క్లాసులు అన్‌లోడ్ అవ్వట్లేదు, లోడర్‌ని నల్ చేసినా మెటాస్పేస్ నిండిపోతోంది, ఏం చేయాలి?

కోడుగుడ్డు_99

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి, మూడు రోజుల నుంచి దీనితోనే కొట్టుకుంటున్నా.

మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. సర్వర్ ఒకటే, దాని మీద చాలా షాపులు నడుస్తాయి, బట్టల షాపులు, సూపర్ మార్కెట్లు అలాంటివి. ఒక్కో షాపుకి ఆఫర్ లెక్క వేరు, ఒకాయన రెండు చీరలు కొంటే జాకెట్టు ముక్క ఫ్రీ అంటాడు, ఇంకొకాయన 2000 దాటితే 10 శాతం అంటాడు, పండగ సీజన్లో అయితే పొద్దున ఒక ఆఫర్ సాయంత్రం ఇంకో ఆఫర్. మారినప్పుడల్లా సర్వర్ రీస్టార్ట్ చేస్తే కౌంటర్ల దగ్గర క్యూ ఆగిపోతుంది కదా, అందుకని ఏడాది కిందట మా సీనియర్ ఒకాయన (ఇప్పుడు వేరే చోట ఉన్నాడు, ఫోన్ ఎత్తడు) ప్లగిన్ పద్ధతి ఒకటి రాసిపెట్టి వెళ్లాడు. షాపు ఆఫర్ లెక్క మొత్తం ఒక జార్‌లో (జావా క్లాసుల్ని కట్టగట్టిన ఫైల్) ఉంటుంది. అడ్మిన్ పేజీలో కొత్త జార్ అప్‌లోడ్ చేయగానే కొత్త యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్ (జార్‌లోంచి క్లాసుల్ని మెమరీలోకి తెచ్చేది) తయారవుతుంది, దాని పేరెంట్ మా అప్లికేషన్ లోడరే, అందులోంచి క్లాస్ లోడ్ చేసి ఆబ్జెక్ట్ చేసి ఒక కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్‌లో షాపు ఐడీ కింద పెడతాం. పాతది మ్యాప్‌లోంచి పోతుంది, పాత లోడర్ మీద క్లోజ్ పిలుస్తాం, వేరియబుల్‌కి నల్ పెడతాం, చివర్లో సిస్టం డాట్ జీసీ, అంటే ఎవరూ వాడని ఆబ్జెక్టుల్ని ఊడ్చెయ్ అని చెప్పేది, అది కూడా పిలుస్తున్నాం (నవ్వకండి).

మెటాస్పేస్ (జావా ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎం క్లాసుల వివరాలు పెట్టుకునే మెమరీ) మాత్రం తగ్గదు. జావా 17, లినక్స్ సర్వర్, మాక్స్ మెటాస్పేస్ సైజ్ 256 ఎంబీ పెట్టాం. స్టార్ట్ అయినప్పుడు 75 దగ్గర ఉంటుంది, ఒక్కో అప్‌లోడ్‌కి 5 ఎంబీ చొప్పున మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోతుంది, దిగడమన్నదే లేదు, 35 అప్‌లోడ్‌లు అయ్యేసరికి అవుటాఫ్‌మెమరీ ఎర్రర్, పక్కన మెటాస్పేస్ అని. హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ) చూస్తే సగం కూడా నిండలేదు. మామూలు రోజుల్లో వారానికోసారి పడిపోయేది, ఎవరో ఒకరు రీస్టార్ట్ కొట్టి ఊరుకునేవాళ్లం, మొన్న సంక్రాంతి ముందు శనివారం మాత్రం ఒకే రోజు రెండుసార్లు పడింది, రెండోసారి సాయంత్రం 7 గంటలకి, షాపుల్లో జనం కిక్కిరిసి ఉన్న టైంలో. ఆ రోజు నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

క్లోజ్ చేసి నల్ చేశాక కూడా క్లాసులు ఎందుకు పోవట్లేదు? ఫలానా క్లాస్‌ని దించెయ్ అని నేరుగా చెప్పే మెథడ్ ఏదైనా ఉందా? ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు, జార్ మార్చిన క్షణంలో ఒకటి రెండు బిల్లులకి నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్ ఎర్రర్ వస్తోంది, మళ్లీ బిల్లు కొడితే మామూలే.

అర్ధరాత్రి_ఆన్‌కాల్

ముందు రెండో ప్రశ్న. అలాంటి మెథడ్ లేదు, ఎప్పుడూ లేదు. లోడ్ చేయడానికి లోడ్‌క్లాస్ ఉంది, క్లాస్ డాట్ ఫర్‌నేమ్ ఉంది, దించడానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. జావా స్పెసిఫికేషన్ చెప్పేది ఒక్కటే, ఒక క్లాస్‌ని డిఫైన్ చేసిన లోడర్‌ని జీసీ ఎత్తుకుపోగలిగితేనే ఆ క్లాస్ పోతుంది, లేకపోతే పోదు. అంటే క్లాసులు ఒక్కొక్కటిగా పోవు, లోడర్‌తో పాటు మూకుమ్మడిగా పోతాయి.

ఇక మొదటిది. నువ్వు నల్ పెట్టింది నీ వేరియబుల్‌కి, లోడర్‌కి కాదు. లోడర్‌ని ఇంకెంతమంది పట్టుకుని ఉన్నారో చూడాలి. ఎలా పట్టుకుంటారంటే, ప్లగిన్ ఆబ్జెక్ట్ ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎక్కడైనా బతికుంటే చాలు. ఆబ్జెక్ట్ తన క్లాస్‌ని పట్టుకుంటుంది, క్లాస్ తన లోడర్‌ని పట్టుకుంటుంది, లోడర్ తను లోడ్ చేసిన క్లాసులన్నిటినీ పట్టుకుంటుంది, ఆ క్లాసులు వాటి స్టాటిక్ ఫీల్డులన్నిటినీ పట్టుకుంటాయి. కందిరీగల తుట్టె లాంటిది, ఒక ఈగని పట్టుకు లాగావనుకో తుట్టె మొత్తం చేతికొస్తుంది. 40 బైట్ల ఆబ్జెక్ట్ ఒకటి ఎక్కడో మిగిలిపోతే 5 ఎంబీ మెటాస్పేస్ కదలదు.

జీసీ సరిగ్గా జరగట్లేదేమో అన్న అనుమానం మాత్రం పెట్టుకోకు. జీ1 అనే జీసీ రకం మామూలుగా కాంకరెంట్ మార్కింగ్ అయ్యాకే క్లాసులు దించుతుంది కాబట్టి కాస్త లేటవ్వచ్చు, కానీ నువ్వు సిస్టం డాట్ జీసీ పిలిస్తే జరిగేది ఫుల్ జీసీ (డిజేబుల్ ఎక్స్‌ప్లిసిట్ జీసీ అన్న ఆప్షన్ పెట్టి ఉంటే తప్ప, అది చూసుకో). పైగా మెటాస్పేస్ నిండిందని ఎర్రర్ విసిరే ముందు జేవీఎం తనంతట తను ఫుల్ జీసీ చేసి, సాఫ్ట్ రిఫరెన్సులు (మెమరీ చాలకపోతే వదిలెయ్యొచ్చు అన్నట్టు పట్టుకున్నవి) కూడా తీసేసి, అప్పుడు కూడా చోటు దొరక్కపోతేనే చేతులెత్తేస్తుంది. ఎర్రర్ దాకా వచ్చిందంటే ఎవరో గట్టిగానే పట్టుకున్నారు.

టెస్ట్ సర్వర్ మీద ఒకే జార్‌ని పది పన్నెండు సార్లు అప్‌లోడ్ చెయ్. తర్వాత జేసీఎండీ (నడుస్తున్న జావా ప్రాసెస్‌ని వివరాలు అడిగే కమాండ్) కొట్టి ప్రాసెస్ ఐడీ ఇచ్చి వీఎం డాట్ క్లాస్‌లోడర్ స్టాట్స్ అడుగు (క్లాస్‌లోడర్‌కి స్టాట్స్‌కి మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది). ఎన్ని లోడర్లు బతికున్నాయి, ఒక్కోదాని కింద ఎన్ని క్లాసులు, ఎంత మెమరీ, అన్నీ టేబుల్‌లా వస్తాయి. అప్పుడు హీప్ డంప్ (హీప్ మొత్తానికి కాపీ) తీసి ఎక్లిప్స్ మ్యాట్ అనే టూల్‌లో తెరిచి, డూప్లికేట్ క్లాసెస్ అన్న క్వెరీ నడుపు. ఒకే పేరు పన్నెండు సార్లు కనబడుతుంది. పాత లోడర్ ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి జీసీ రూట్స్ (నడుస్తున్న థ్రెడ్ల లాంటివి, జీసీ బతికున్నవేవో లెక్క మొదలుపెట్టే చోట్లు) దాకా దారి చూపించు అను, వీక్, సాఫ్ట్ రిఫరెన్సులు వద్దని చెప్పడం మర్చిపోకు. ఆ దారి ఇక్కడ పెట్టు, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

పాతకాపు

పైన చెప్పింది అక్షరాలా నిజం, నేను క్లోజ్ గురించి చెప్తాను ఎందుకంటే ఆ నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్ సంగతి దానిలోనే ఉంది.

క్లోజ్ అన్న పేరు చూసి అన్‌లోడ్ అవుతుందనుకుంటే నేతి బీరకాయలో నెయ్యి వెతికినట్టే నాయనా. జావా 7లో ఆ మెథడ్ పెట్టింది తెరిచిన జార్ ఫైళ్లని మూయడానికి, అంతవరకే. అప్పటికే లోడైన క్లాసులు హాయిగా పనిచేస్తూనే ఉంటాయి, కానీ ఆ లోడర్ ఇంక ఆ జార్‌లోంచి కొత్త క్లాస్ ఏదీ తేలేదు. జావా క్లాసుల్ని అవసరం పడినప్పుడే లోడ్ చేస్తుంది కదా, జార్‌లో 50 క్లాసులుంటే మొదటి బిల్లుకి 30 లోడై ఉండొచ్చు, రిటర్న్ ఐటెం వస్తేనో కూపన్ వస్తేనో మాత్రమే కావాల్సినవి మిగతా 20 లోపలే కూర్చుని ఉంటాయి. నువ్వు జార్ మార్చిన క్షణంలో ఏదో కౌంటర్‌లో ఒక బిల్లు పాత ఆబ్జెక్ట్‌తో సగం లెక్కలో ఉంది, దానికి కూపన్ క్లాస్ కావాల్సొచ్చింది, నువ్వు అప్పటికే తలుపు మూసేశావు, ఇంకేముంది, క్లాస్ కనబడలేదంటుంది. కాబట్టి వరస మార్చు. ముందు మ్యాప్‌లో కొత్తది పెట్టు, పాతదాని మీద నడుస్తున్న బిల్లులన్నీ అయ్యేదాకా ఆగు (ఒక్కో ప్లగిన్‌కి ఒక కౌంటర్ పెట్టి, లోపలికెళ్తే ఒకటి కలుపు, బయటికొస్తే ఒకటి తీసెయ్, సున్నా అయితే ఖాళీ), తర్వాత పాత ప్లగిన్‌కి ఆగిపో అని చెప్పు, అన్నిటికంటే చివర క్లోజ్.

ఈ రోగం కొత్తది కాదు. మెటాస్పేస్ అన్న పేరు 2014లో జావా 8తో వచ్చింది, అంతకు ముందు దీన్నే పర్మ్‌జెన్ అనేవాళ్లం, టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్‌లో వార్ ఫైల్ (ఒక అప్లికేషన్ మొత్తం ఉండే కట్ట) నాలుగుసార్లు రీడిప్లాయ్ చేస్తే పర్మ్‌జెన్ స్పేస్ అని పడిపోయేది, అందరం మాక్స్ పర్మ్ సైజ్ పెంచుకుంటూ పోయి మందేశామనుకునేవాళ్లం. నేను పనిచేసిన చోట ఒక ప్రాజెక్టులో లంచ్‌కి ఒకసారి సాయంత్రం టీకి ఒకసారి సర్వర్ రీస్టార్ట్ చేయడం అనేది నోటీసు బోర్డు మీద రాసి పెట్టిన డ్యూటీ, రెండేళ్లు నడిచింది అలాగే. కారణం చూస్తే డేటాబేస్ డ్రైవర్ జార్ ప్రతి వార్ లోపలా ఒకటి ఉంది, ఆ డ్రైవర్ వెళ్లి జేడీకేలోని (అంటే జావాతో పాటే వచ్చే) డ్రైవర్‌మేనేజర్ దగ్గర పేరు రాయించుకుంటుంది, అప్లికేషన్ పోయినా ఆ రిజిస్టర్‌లో పేరు పోదు. ఇప్పుడు టామ్‌క్యాట్ ఇలాంటివి తనే పసిగట్టి ఫలానా అప్లికేషన్ ఒక థ్రెడ్ మొదలుపెట్టి ఆపలేదు, మెమరీ లీక్ అవ్వొచ్చు అని లాగ్‌లో అరుస్తుంది. నువ్వు సొంతంగా లోడర్ రాసుకున్నావు కాబట్టి నీ కోసం అరిచేవాళ్లు లేరు.

కోడుగుడ్డు_99

ఇద్దరికీ దండం. చెప్పినట్టే చేశా. ఒకే జార్ 12 సార్లు అప్‌లోడ్ చేస్తే 12 లోడర్లూ బతికే ఉన్నాయి, ఒక్కోదాని కింద 900 చిల్లర క్లాసులు. మేము రాసినవి అందులో 14. మిగతావన్నీ అపాచీ పీఓఐవి, ఆఫర్ల పట్టిక ఎక్సెల్ షీటులో ఉంటుంది కాబట్టి దాన్ని చదవడానికి ప్రతి షాపు జార్‌లోనూ ఆ లైబ్రరీ మొత్తం కూరేశారు. 5 ఎంబీ ఎక్కడ్నుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది.

జీసీ రూట్ దారి ఇది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని కొంచెం కుదించి రాస్తున్నా:

థ్రెడ్ "బిల్లింగ్-వర్కర్-7"
→ థ్రెడ్‌లోకల్స్ (ఒక్కో థ్రెడ్ తనకంటూ విడిగా దాచుకునే వేల్యూలు)
→ టేబుల్ → 11వ ఎంట్రీ → వేల్యూ
→ ఆఫర్‌కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్ (ఇది మా ప్లగిన్ లోపలి క్లాస్)
→ దాని క్లాస్
→ పాత యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్

వర్కర్ పూల్‌లో 20 థ్రెడ్లు, చాలా వాటిలో ఇదే కథ. మా టీంలో అడిగితే అందరూ మేం నల్ చేశాం మేం రిమూవ్ చేశాం అంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

చింతచిగురు

బ్రో థ్రెడ్‌లోకల్ అంటే నాకు వెంటనే సింపుల్‌డేట్‌ఫార్మాట్ గుర్తొస్తుంది, థ్రెడ్ సేఫ్ కాదని దాన్ని థ్రెడ్‌లోకల్‌లో పెట్టడం అందరికీ అలవాటు కదా. ప్లగిన్‌లో అలాంటివి ఎన్నున్నాయో వెతికి అన్నీ పీకెయ్, డేట్‌టైమ్‌ఫార్మాటర్‌కి మార్చెయ్, లీక్ పోతుంది. మాకూ సేమ్ ఇష్యూ.

అర్ధరాత్రి_ఆన్‌కాల్

@చింతచిగురు మార్చడం మంచిదే కానీ లీక్ దాని వల్ల కాదు, ఇక్కడ తేడా ఒకటుంది. థ్రెడ్ లోపల ఉండే మ్యాప్‌లో కీ వీక్ రిఫరెన్స్ (జీసీని ఆపలేని పట్టు), వేల్యూ స్ట్రాంగ్ (జీసీని ఆపే పట్టు). వేల్యూ సింపుల్‌డేట్‌ఫార్మాట్ అయితే అది జేడీకే క్లాస్, దానికి మన ప్లగిన్ లోడర్ ఎవరో తెలీదు. అంచేత లోడర్ పోతుంది, దానితో పాటు స్టాటిక్ ఫీల్డ్‌లో ఉన్న థ్రెడ్‌లోకల్ కూడా పోతుంది, కీ ఖాళీ అవుతుంది, మ్యాప్‌లో ఆ డేట్‌ఫార్మాట్ ఒక్కటి కొన్నాళ్లు చెత్తలా మిగులుతుంది అంతే. నీ దగ్గర అలా పెట్టి లీక్ అయిందంటే దాన్ని ఎక్స్‌టెండ్ చేసి సొంత సబ్‌క్లాస్ రాసి ఉంటారు, ఒకసారి చూడు.

ఇక్కడ వేల్యూ ఆఫర్‌కాంటెక్స్ట్, అంటే ప్లగిన్ క్లాసే. వేల్యూ తన క్లాస్ ద్వారా లోడర్‌ని పట్టుకుంది, లోడర్ స్టాటిక్ ఫీల్డ్ ద్వారా థ్రెడ్‌లోకల్‌ని అంటే కీని పట్టుకుంది. కీ వీక్ అయినా లాభం లేదు, అది వేల్యూ పుణ్యాన బతికే ఉంటుంది. పాము తన తోక తనే పట్టుకున్నట్టు. పూల్ థ్రెడ్ చావదు కాబట్టి ఇది కూడా చావదు.

@కోడుగుడ్డు_99 దీన్ని ప్లగిన్ ఆపేటప్పుడు ఒకచోట నుంచి శుభ్రం చేయలేవు, రిమూవ్ అన్నది పిలిచిన థ్రెడ్‌లో మాత్రమే పనిచేస్తుంది, పక్క థ్రెడ్ జేబులో చెయ్యి పెట్టలేవు. లెక్క మొదలైన చోట సెట్ చేసి, ఫైనల్లీ బ్లాక్‌లో రిమూవ్ చెయ్, ప్రతిసారీ. అసలు ఆ కాంటెక్స్ట్‌ని మెథడ్‌కి ఆర్గ్యుమెంట్‌గా పంపితే ఈ గొడవే లేదు. టామ్‌క్యాట్ వాళ్లు దీనితో విసిగిపోయి అప్లికేషన్ ఆగాక పూల్‌లో థ్రెడ్లనే మెల్లగా మార్చేసే లిజనర్ ఒకటి పెట్టారు, 7వ వెర్షన్ నుంచి ఉంది, మనుషుల మీద అంత నమ్మకం.

ఇంకా ఉంటాయి. ఒక దారి మూశాక మళ్లీ డంప్ తియ్, మ్యాట్ నీకు అతి పొట్టి దారి ఒక్కటే ముందు చూపిస్తుంది. జేస్టాక్ (థ్రెడ్లన్నీ చూపించే కమాండ్) కూడా కొట్టి థ్రెడ్ల పేర్లు చూడు.

మెట్టవ్యవసాయం

అన్నా తప్పుగా అనుకోకు, అసలు గిన్ని తిప్పలు ఎందుకు అని అడుగుతున్న. రెండు చీరలకి జాకెట్టు ముక్క ఫ్రీ, 2000కి 10 శాతం, ఇది డేటా అన్నా, కోడ్ కాదు. షరతు ఒక కాలమ్, తగ్గింపు ఒక కాలమ్, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు రెండు కాలమ్స్, టేబుల్‌ల పెట్టి చదువుకుంటే అయిపోతది. ఆఫర్ మారినప్పుడల్లా జార్ చేసుడు, దానికోసం కొత్త క్లాసులు లోడ్ చేసుడు, ఈగను కొట్టనీకి గుండు తెచ్చినట్టు ఉంది. మీ ఎక్సెల్ షీటులనే సగం ఆఫర్ ఉందంటున్నవ్ కదా మల్లా.

సరే నిజంగానే కోడ్ కావాలె అంటే వేరే ప్రాసెస్‌ల నడుపు. ఆపాలంటే ప్రాసెస్‌ని చంపుడే, మెటాస్పేస్ లేదు థ్రెడ్‌లోకల్ లేదు, అంతా ఓఎస్ ఊడ్చుకపోతది. ఒక్క జేవీఎం లోపల ఇంకొకరి కోడ్ నడిపిస్తే దానికి కంచె లేదు ఇప్పుడు, సెక్యూరిటీ మేనేజర్‌ని జావా 17లనే డెప్రికేట్ చేసిన్రు. ప్లగిన్‌ల ఎవడన్న అనంతంగా తిరిగే లూప్ రాసిండనుకో దాన్ని బలవంతంగా ఆపనీకి కూడా దారి లేదు, థ్రెడ్ డాట్ స్టాప్ పిలిస్తే జావా 20 నుంచి ఎక్సెప్షన్ ఒక్కటే వస్తది.

నేను మూడేండ్లు ఎర్లాంగ్ భాష మీద చేసిన, అండ్ల ఈ ముచ్చట పుట్టుక నుంచే ఉంది, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కోసం ఎరిక్సన్‌ల తయారైంది కదా, కాల్ కట్ కాకుండ కోడ్ మార్చాలె మరి. ఒక మాడ్యూల్‌కి రెండు వెర్షన్లే ఉండనిస్తది, ఇప్పటిది ఒకటి, పాతది ఒకటి. మూడోది లోడ్ చేసినవంటే అన్నిటికన్న పాతదాన్ని ఊడ్చేస్తది, ఇంకా దాన్ని పట్టుకొని కూసున్న ప్రాసెస్‌లు ఉంటే వాటిని కూడా చంపేస్తది. మొహమాటం లేదు. జావాల గా మాట లేదు, ఎవడన్న పట్టుకుంటే సావకుండ కాపాడుడే దాని ధర్మం.

పాతకాపు

@మెట్టవ్యవసాయం ఎర్లాంగ్‌లో అది కుదరడానికి ఒక్కో ప్రాసెస్ హీప్ వేరు, చంపితే పక్కవాళ్లకి దెబ్బ తగలదు. జావాలో థ్రెడ్లన్నీ ఒకే హీప్ మీద పడి బతుకుతాయి, సగం పనిలో ఉన్నవాణ్ణి చంపితే వాడు మార్చిన డేటా సగంలో ఆగుతుంది, అందుకే థ్రెడ్ డాట్ స్టాప్ పోయింది. డాట్‌నెట్ కూడా ఇదే దారికొచ్చింది. పాత ఫ్రేమ్‌వర్క్‌లో యాప్‌డొమైన్ అన్‌లోడ్ చేస్తే అందులో ఉన్న థ్రెడ్లని బలవంతంగా ఆపేది, ఇప్పుడు కోర్ 3.0 నుంచి అసెంబ్లీలోడ్‌కాంటెక్స్ట్‌లో అన్‌లోడ్ పిలిస్తే అది అర్జీ పెట్టుకున్నట్టే, రిఫరెన్సులన్నీ వదిలాకే జరుగుతుంది.

ఆఫర్లు డేటాలో పెట్టమన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటా. కానీ ఏడాదిగా ప్రొడక్షన్‌లో ఉన్నదాన్ని పండగ వారంలో పీకి టేబుల్‌లో పెట్టు అంటే ఆ అబ్బాయి ఉద్యోగం ఉంటుందా. ముందు కారే చోట మట్టి వేయనీ.

కోడుగుడ్డు_99

@మెట్టవ్యవసాయం అన్నా నువ్వన్నది మా మేనేజర్‌కి కూడా చెప్పా, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం అన్నాడు, అంటే అర్థం నీకు తెలుసు కదా.

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, జరిగింది వరసగా రాస్తా, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

థ్రెడ్‌లోకల్‌ని ఆర్గ్యుమెంట్‌గా మార్చేశా. మళ్లీ 12 అప్‌లోడ్‌లు, మళ్లీ 12 లోడర్లు, ఒక్కటీ తగ్గలేదు, ఆ రాత్రి లాప్‌టాప్ కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. అప్పుడు జేస్టాక్ కొడితే టైమర్-0 నుంచి టైమర్-11 దాకా వరసగా పన్నెండు థ్రెడ్లు. ప్లగిన్ మొదలవ్వగానే ఒక టైమర్ పెట్టి పది నిమిషాలకోసారి ఎక్సెల్ షీటు మళ్లీ చదవమన్నారు, ఆపమని చెప్పే మెథడ్ మా ఇంటర్‌ఫేస్‌లోనే లేదు. అంటే ప్రొడక్షన్‌లో 35 తరాల పాత ఆఫర్లు, ఎవరికీ అక్కర్లేని షీట్లని పది నిమిషాలకోసారి శ్రద్ధగా చదువుకుంటూ కూర్చున్నాయి. సర్వర్ రెండు మూడు రోజులకి నెమ్మదిస్తుందని షాపుల వాళ్లు అంటుంటే నెట్ స్లో అని చెప్పేవాణ్ణి నేను. ఇంటర్‌ఫేస్‌లో ఆపు అని ఒక మెథడ్ కలిపి, అందులో టైమర్‌ని క్యాన్సిల్ చేయించా, పాతకాపు గారు చెప్పిన వరస అలాగే పెట్టా.

తర్వాత 12లో 4 మిగిలాయి. ఆ నాలుగూ ఎందుకో రోజంతా దొరకలేదు. చివరికి చూస్తే తప్పు ప్లగిన్‌లో కాదు మా మెయిన్ అప్లికేషన్‌లో. ప్లగిన్ తిప్పి ఇచ్చే ఫలితాన్ని లాగ్‌లో పెట్టడానికి జాక్సన్ అనే లైబ్రరీతో జేసన్ (టెక్స్ట్ రూపం) చేస్తున్నాం, ఆబ్జెక్ట్‌మ్యాపర్ మాది, స్టాటిక్, ఎప్పటికీ ఉంటుంది. ఫలితం టైపు మాత్రం ప్లగిన్ లోపలి క్లాస్. మ్యాపర్ ఒకసారి చూసిన క్లాస్‌కి సీరియలైజర్ (ఆబ్జెక్ట్‌ని జేసన్‌గా మార్చేది) తయారుచేసి దాచుకుంటుంది, అది స్పీడ్ కోసం, దాని తప్పేం లేదు, మేము పోయే క్లాస్‌ని తీసుకెళ్లి పోని వాడి చేతిలో పెట్టాం. నాలుగే ఎందుకంటే డీబగ్ లాగ్ ఆన్ చేసి ఉంచినప్పుడు అప్‌లోడ్ చేసినవి నాలుగే.

అర్ధరాత్రి_ఆన్‌కాల్

భలే పట్టావ్. అది చాలామంది పట్టుకోలేరు, ప్లగిన్‌లోనే వెతుకుతూ ఉంటారు. జాక్సన్‌లో దాచుకున్న సీరియలైజర్లని ఫ్లష్ చేసే మెథడ్ ఉంది, టైప్‌ఫ్యాక్టరీలో క్లియర్‌క్యాష్ ఉంది, కానీ వాటి జోలికి పోకు. ఈ రోజు జాక్సన్, రేపు ఇంకో లైబ్రరీ. ప్లగిన్ క్లాస్ గడప దాటి బయటికి రాకూడదు అంతే. ఫలితం క్లాస్‌ని మెయిన్ అప్లికేషన్ వైపు, ఇంటర్‌ఫేస్ పక్కనే పెట్టు, ప్లగిన్ దాన్ని నింపి ఇస్తుంది. మ్యాప్ ఇచ్చినా సరే కానీ అందులో వేల్యూలు ఆబ్జెక్ట్ టైపులో ఉంటే వాటిలో దాక్కుని మళ్లీ ఒకటి బయటికొస్తుంది, స్ట్రింగులు, అంకెలు అయితే భయం లేదు.

ఇంటర్‌ఫేస్‌ని మెయిన్ వైపు పెట్టాక ప్లగిన్ జార్‌లోంచి దాని కాపీ తీసెయ్. ఇప్పుడు పేరెంట్‌ని ముందు అడుగుతోంది కాబట్టి నడుస్తుంది, రేపు ఎవరైనా లైబ్రరీ వెర్షన్ గొడవతో జార్‌లోదే ముందు చూసేలా మార్చారంటే ఫలానా క్లాస్‌ని ఫలానా క్లాస్‌గా క్యాస్ట్ చేయలేం అని ఎర్రర్ వస్తుంది, రెండు వైపులా ఒకే పేరు ఉంటుంది, పిచ్చెక్కుతుంది. జేవీఎంకి క్లాస్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరు, దాన్ని డిఫైన్ చేసిన లోడర్, రెండూ కలిపి. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన చుట్టాలు అయిపోరు.

పీఓఐని కూడా మెయిన్ వైపుకి తెచ్చెయ్, ఒక్కసారే లోడ్ అవుతుంది.

కోడుగుడ్డు_99

ఫలితం క్లాస్ ఇటు తెచ్చా, పీఓఐ కూడా తెచ్చా. నిన్న రాత్రి స్క్రిప్టు పెట్టి 200 సార్లు అప్‌లోడ్ చేయించి పడుకున్నా. పొద్దున చూస్తే బతికున్న లోడర్లు 2, అందులో ఒకటి ఇప్పుడు వాడుతున్నదే. క్లాస్ అన్‌లోడ్ లాగ్ ఆన్ చేసి ఉంచా, అందులో మా ఆఫర్ క్లాసుల పేర్ల ముందు అన్‌లోడింగ్ అని వరసగా కనబడుతుంటే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో వాళ్లకి కూడా చూపించా, వాళ్లకి ఏం అర్థం కాలేదనుకోండి. మెటాస్పేస్ 90 దాటట్లేదు.

ఇంకో చిన్న డౌటు, దీనికోసం కొత్త థ్రెడ్ ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. లినక్స్‌లో అంతా బాగుంది, నా విండోస్ లాప్‌టాప్‌లో మాత్రం క్లోజ్ చేశాక కూడా పాత జార్ డిలీట్ అవ్వట్లేదు, వేరే ప్రోగ్రామ్ వాడుతోంది అంటోంది. ప్లగిన్ మొదట్లో జార్ లోపలి సెట్టింగ్స్ ఫైల్ ఒకటి చదువుతుంది, గెట్‌రిసోర్స్‌తో యూఆర్ఎల్ తీసుకుని దాని మీద ఓపెన్‌స్ట్రీమ్. అదేమైనా పట్టుకుంటోందా?

పాతకాపు

అదే. ఆ యూఆర్ఎల్ నేరుగా తెరిస్తే జార్ కనెక్షన్ క్యాష్‌లో ఆ ఫైల్ తెరిచే ఉండిపోతుంది, అది నీ లోడర్ చేతిలో లేదు, నువ్వు లోడర్‌ని క్లోజ్ చేసినా దానికి సంబంధం లేదు. గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ వాడు, అప్పుడు తెరిచింది లోడర్ లెక్కలోకి వస్తుంది, క్లోజ్‌తో పాటే మూస్తుంది. లేదా ఆ కనెక్షన్ మీద యూజ్‌క్యాషెస్ ఫాల్స్ పెట్టు. లినక్స్‌లో కనబడకపోవడానికి కారణం అక్కడ తెరిచి ఉన్న ఫైల్‌ని కూడా డిలీట్ చేయనిస్తుంది, ప్రొడక్షన్‌లో ఎన్ని చెరిపేసిన జార్లు ఇంకా తెరిచే ఉన్నాయో ఎల్ఎస్ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే కమాండ్) కొట్టి చూడు ఒకసారి.

కోడుగుడ్డు_99

చూశా. 41.